కౌంటరు మెషీన్‌కు చివరి వంతు

మా ముత్తాత ముత్తుకూరు దగ్గర మా ఊరికి మునసబు. ఆయన తర్వాత మా తాత మునసబు. తాతగారి అన్న తాలూకా బోర్డులో సభ్యుడు. వీటికి ఈ రోజు విలువ లేదని నాకు తెలుసు, ఉండాలని ఎవరినీ అడగడం లేదు. మాట్లాడేవాడు ఏ ఇంటివాడో చెప్పకుండా మాట మొదలుపెట్టడం మాకు అలవాటు లేదు కాబట్టి రాస్తున్నాను.

మునసబు పదవి కన్నా మా ఇంటికి పెద్ద పేరు తెచ్చింది ఇంకొకటి ఉంది. మా ఊరి చెరువు కింద నీటి వంతులు తేల్చేది మా ఇల్లే. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో, ఎవరిది ముందో, ఎవరిది వెనకో మా తాత చెబితే అదే చెల్లేది. వానలు లేని ఏళ్లలో పక్క ఊళ్లలో పారలు లేచేవి, తలలు పగిలేవి. మా చెరువు తగాదా ఒక్కటి కూడా కోర్టు మెట్లు ఎక్కలేదు.

దానికి ఒక కట్టుబాటు కారణం. నీళ్లు పంచేవాడి మడి అందరికన్నా చివర తడవాలి. మా పొలం తూముకు బాగా దగ్గర. కాలువ మా గట్టును ఒరుసుకుంటూ పోయేది. అయినా ఆ నీళ్లు మమ్మల్ని దాటుకుని కిందకు పోయి, చిట్టచివరి మడి తడిసి, ఆ రైతు చెయ్యి ఊపిన తర్వాతే మా వైపు గండి తెరిచేవారు. ఒక ఏడు మా వంతు వచ్చేసరికి చెరువులో బురద తప్ప ఏమీ మిగల్లేదు. పొట్టకొచ్చిన పైరు నిలువునా ఎండింది. మా తాత గట్టు మీద నిలబడి చూశాడే తప్ప నోరు విప్పలేదట. ఆ ఏడు మా ఇంట్లో కొన్న బియ్యం వండారు. మా నాయనమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతులో బాధ ఉండేది కాదు. "ఆ ఏడు మన గింజ మన ఇంట్లో లేదు, మన మాట మాత్రం ఊరంతా ఉండాది," అనేది. ఈ మాట వింటూ పెరిగినవాణ్ణి నేను.

తర్వాత మా నాన్న కాలం వచ్చింది. ఆయన పొలాలను రొయ్యల గుంటలు చేశాడు. కొన్నాళ్లు బాగా వచ్చింది. ఆ కాస్త కాలంలోనే ఇంటికి పాలరాయి వేయించాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఆ మీదట రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఉప్పు పట్టిన నేల మళ్లీ వరికి పనికిరాలేదు. మిగిలిన పొలం బొగ్గు కరెంటు ప్లాంట్ల కింద పోయింది. చివరికి నాకూ చెల్లెలికీ కలిపి దక్కింది ముత్తుకూరు బజారు రోడ్డు మీది పాత ధాన్యం కొట్టు. మందపాటి సున్నపు గోడలు, పైన టేకు దూలాలు. సగం నాది, సగం ఆమెది.

ఆ కొట్టులో నేను కంప్యూటర్లు పెట్టాను. మొదట్లో జనం దరఖాస్తులకూ, హాల్ టికెట్లకూ, అడంగల్ నకళ్లకూ వచ్చేవారు. బెంచీలు చాలక బయట నిలబడేవారు. అప్పుడు నన్ను 'సార్' అనేవారు. తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. దరఖాస్తులన్నీ ఫోన్లోనే వేసుకోవడం మొదలైంది. ఇక నా దగ్గరకు వచ్చేది ఫోన్ మోయలేని పనులున్నవాళ్లే. ఇంజినీర్ల దగ్గర డ్రాయింగులు గీసేవాళ్లు కొందరు. మిగతావాళ్లంతా ఆటలాడేవాళ్లు. పోర్టులోనూ లారీ ఆఫీసుల్లోనూ పనిచేసే పెళ్లికాని మగవాళ్లు, సెలవు రోజున వచ్చి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తుపాకులు కాల్చుకునేవాళ్లు. మునసబు ధాన్యం కొట్టులో తుపాకుల మోత. వినడానికి అలవాటు పడ్డాను.

పెద్ద ఆటలకు మెమరీ ఎక్కువ కావాలి. తెలియనివాళ్లకు నేను ఇలా చెప్పేవాణ్ణి: కంప్యూటర్లో వస్తువులు దాచే చోటు వేరు, పని జరిగే చోటు వేరు. దాచేది కొట్టు. పని జరిగేది కళ్లం. మెమరీ అంటే కళ్లం. కొట్టు ఎంత పెద్దదైనా కళ్లం ఇరుకైతే నూర్పు సాగదు. ఒకే మెషీన్‌లో ఒకేసారి నాలుగు పనులు నడుస్తుంటే అవన్నీ ఆ కళ్లంలోనే సర్దుకోవాలి. కొన్ని ఆటలూ, కొన్ని ప్రోగ్రాములూ తమకు ఎంత జాగా ఇవ్వాలో మనల్నే అడుగుతాయి. తెర మీద ఒక గీత ఉంటుంది, దాని మీద ఒక బొత్తాం. కుడికి జరిపితే ఎక్కువ, ఎడమకు జరిపితే తక్కువ. చాలామంది దాన్ని అసలు ముట్టుకోరు.

నేను ముట్టుకోవడం నేర్చుకున్నది లారీ ఆఫీసు గుమాస్తా ఒకాయన వల్ల. ముప్పై దాటిన మనిషి, ప్రతి ఆదివారం కిటికీ పక్క మెషీన్ ఆయనదే. ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"సామీ, ఇది మెషీనా ఎడ్లబండా? నేను తుపాకి ఎత్తేలోపల వాడు నన్ను కాల్చి, ఇంటికి పొయ్యి, అన్నం తిని పడుకుంటా ఉండాడు."

నేను వెళ్లి సెట్టింగ్స్ తెరిచి ఆ బొత్తాన్ని కుడికి జరిపాను. ఆట మూసి మళ్లీ తెరిచాం. అంతవరకు తడబడుతూ నడిచిన బొమ్మ నీళ్లు వదిలిన కాలువలా సాగింది. ఆయన హెడ్‌ఫోన్లు మళ్లీ తగిలించుకున్నాడు.

"ఇప్పుడు రమ్మను సామీ వాణ్ణి," అన్నాడు తర్వాత.

పక్క కుర్చీలోవాడు తనకూ చేయమన్నాడు. ఆ పక్కవాడు కూడా. ఆ రోజు నేను ఒక్కో మెషీన్ దగ్గర నిలబడి ఎవరికి ఎంత ఇవ్వాలో చూసి ఇచ్చాను. డ్రాయింగు గీసే అమ్మాయికి ఎక్కువ, ఊరికే చీట్లాట ఆడేవాడికి తక్కువ. నా చెయ్యి కోసం నలుగురు ఎదురు చూడడం, చూసిన తర్వాత తృప్తిగా తల ఊపడం చాలా ఏళ్ల తర్వాత జరిగింది. దాన్ని చిన్న విషయం అనేవాళ్లు అననీ. మా ఇంట్లో మగవాడు చేయవలసిన పని అదేనని నాకు చెప్పి పెంచారు.

బొత్తాం జరపడానికీ ఒక హద్దు ఉంది. ఉన్న మెమరీ కన్నా ఎక్కువ ఇవ్వలేం. గుమాస్తా కొత్త ఆట ఏదో తెచ్చాడు, అది ఎంత ఇచ్చినా చాలదంటోంది. కొత్త మెమరీ పలకలు కొనే స్థితి అప్పుడు నాకు లేదు. నా కౌంటరు మీది మెషీన్‌లో రెండు పలకలున్నాయి. ఒకటి ఊడదీశాను. ఇక్కడి ఉప్పుగాలికి ఆ పలకల బంగారు పళ్లు మసకబారిపోతాయి. పెన్సిలు రబ్బరుతో రుద్ది మెరిపించి, దాన్ని గుమాస్తా మెషీన్‌లో పెట్టాను.

నా భార్య కౌంటరులో బిల్లులు చూసేది. బోగోలు ఆడపడుచు, వాళ్ల నాన్న బడిపంతులు. నేను చేసే పనిని ఆమె తల ఎత్తకుండానే చూస్తుంది.

"మన దాంట్లోది తీసేస్తే ఎట్టా?" అంది.

"బిల్లు వేయడానికి అంత అక్కర్లేదు."

"ఈరోజు అక్కర్లేదు."

"అక్కరొచ్చిన రోజు చూద్దాం."

"మీకు ఇయ్యడం వచ్చినంతగా ఉంచుకోవడం రాదండీ," అంది. ఆ మాటలో నాకు మెప్పే వినిపించింది.

చెల్లెలు నాయుడుపేట నుంచి వచ్చింది ఆ తర్వాతే. ఆమె భర్త అక్కడ బాడుగ షాపులో ప్లాస్టిక్ సామాను అమ్ముతాడు. నా చెల్లెలు కోరడంలో అన్యాయం లేదు, అది ముందే చెప్పాలి. కొట్టు అమ్మి తన సగం తనకిస్తే సొంత షాపు కట్టుకుంటామంది. చాలా రోజులుగా అడుగుతోంది, నేను దాటవేస్తున్నాను. ఈసారి ఆమె కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"అన్నా, ఇంక నాకు ఓపిక లేదు."

"ఇది తాత కట్టించిన కొట్టు."

"గోడల మీద తాత పేరుందని మా షాపు ఓనరు బాడుగ తగ్గిస్తాడా?"

నేను కుర్చీ ముందుకు జరిపాను. ఆమె దాని వైపు చూడలేదు.

"ఉగాది దాకా చూస్తా. అప్పటికి దీని మీద ఏడాదికి గట్టిగా ఏదన్నా వస్తుందని చూపించు, నా వాటాకి బాడుగ ఇయ్యి, నేను ఇంక అమ్మకం మాటే ఎత్తను. లేదంటే నువ్వు నా మాట ఇనాల."

నేను సరేనన్నాను. అన్న మాట తప్పేవాణ్ణి కాదని ఆమెకు తెలుసు, అందుకే కాగితం మీద రాయించుకోలేదు. ఆమె వెళ్లిన తర్వాత కొట్టులో కూర్చుని పైకి చూశాను. ఆ దూలాలు తప్ప మా ఇంటివి అనదగినవి ఇంకేమీ లేవు.

దారి చూపించింది మళ్లీ ఆ గుమాస్తాయే. పోర్టులో క్రేన్లు నడపడానికి మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు ఒకాయన కంప్యూటర్లున్న చోటు వెతుకుతున్నాడట. క్రేన్ క్యాబిన్ ఎక్కే ముందు కుర్రాళ్లకు కంప్యూటర్ మీద నేర్పిస్తారు. అది చూడడానికి ఆటలాగే ఉంటుంది: తెర మీద ఓడ, ఓడలో పెట్టెలు, చేతిలో కర్ర లాంటి మీట. పెట్టెను హుక్కుకు తగిలించి లారీ మీద దించాలి. ఏడాదికి సరిపడా గది మాట్లాడుకుంటాడు, నెలనెలా బాడుగ.

"మీ కొట్టు గురించి చెప్పినా సామీ. మెమరీ ఎక్కువ తాగుతుందంట ఆ ప్రోగ్రాము. మా సామి చేతిలో పెడితే ఏదైనా నడుస్తుందని చెప్పినా."

చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. "అది కుదిరితే నాకు చాలన్నా," అంది. ఆమె గొంతులో కూడా ఊరట ఉంది. అమ్మడం ఆమెకూ ఇష్టమైన పని కాదు.

వారం రోజులు ఆ ఏర్పాటులోనే ఉన్నాం. వరుసలోని మెషీన్లన్నిటినీ విప్పి లోపల పేరుకున్న బూడిద దులిపాను. ఇక్కడ ఏ వస్తువు విప్పినా సన్నటి బూడిద రాలుతుంది. ప్రతి దానికీ ఉన్న మెమరీ అంతా ఆ క్రేన్ ప్రోగ్రాముకే అందేలా మిగతా చిల్లర పనులన్నీ ఆపేశాను. కౌంటరు మెషీన్‌ను అలాగే వదిలేశాను. దానితో వచ్చేవాళ్లకు పని ఉంటుందని నేను అనుకోలేదు.

గుమాస్తా వెంట కాంట్రాక్టరు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతికి రాగి కడియం, నలభై ఏళ్లుంటాయి. వెనక నలుగురు పనివాళ్లు, వాళ్ల చేతుల్లో మీటలు. గుమ్మంలోనే నిలబడి పైకి చూశాడు.

"దూలాలు బో బాగుండాయన్నా," అన్నాడు.

నా చెల్లెలు తప్ప నన్ను అన్నా అని పిలిచినవాళ్లు లేరు. మా నాన్న కాలంలో అయితే ఆ వాకిట్లో చెప్పులు విడిచి 'అయ్యా' అనేవారు. ఆయన నేను చూపించకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీరు మునసబు ఇంటోళ్లు గదన్నా. మాది మీ చెరువు కిందే. చిట్టచివరి మడి మా తాతది."

నాకు వెంటనే అర్థమైంది. నీళ్లు చివరకు చేరాయని గట్టు మీద నుంచి చెయ్యి ఊపిన రైతు ఇతని తాతే. చెప్పకూడదు గానీ, నా మనసు కొంచెం తేలికపడింది. మా ఇంటి చేత్తో నీళ్లు తాగిన మనిషి మళ్లీ మా దగ్గరకే వచ్చాడని అనిపించింది.

నా భార్య టీ తెప్పించింది. కాంట్రాక్టరు పెన్‌డ్రైవ్ తీసి చేతిలో తిప్పుతూ గది అంతా చూశాడు.

"ఆ వరసలో ఉండేవన్నీ నేర్చుకునేవాళ్లకు. వాటన్నిటినీ నడిపే మెషీన్ ఒకటి కావాలన్నా. ఎవుడు పెట్టె యాడ దించినాడో అంతా దాంట్లో కనపడాల. అదే తల్లి మెషీన్ అనుకో." లేచి వెళ్లి కౌంటరు మెషీన్ మీద చెయ్యి వేశాడు. "ఇది బాగుండాది. వాకిలికి దగ్గర, తెర కూడా పెద్దది."

గుమాస్తా నా పక్కకు జరిగాడు. "సామీ, దీంట్లోది నాకు పెట్టినారు గదా," అన్నాడు మెల్లగా. నేను ఆయన వైపు చూశాను. ఆయన పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

నా భార్య కౌంటరు వెనక నుంచి లేచి వచ్చింది. "ఏమండీ, కిటికీ పక్క దాంట్లోది తెచ్చి ఇందులో పెట్టండి. ఆపి మార్చే పనే గదా."

ఇచ్చిన దాన్ని వెనక్కి లాక్కోవడం మా ఇంట్లో లేదు. అందులోనూ చివరి మడి మనవడి కళ్లముందు. "ఉన్నదానితో నడుస్తుంది," అన్నాను.

ప్రోగ్రాము ఎక్కించాం. అది మెమరీ ఎంత ఇవ్వాలో అడిగింది. అదే గీత, అదే బొత్తాం. కాంట్రాక్టరు నా వైపు చూశాడు.

"ఎంత పెడదామన్నా?"

నేను బొత్తాన్ని కుడివైపు కొసకు లాగాను. గీత కింద పసుపు రంగు అక్షరాలు వచ్చాయి. నా భార్య వంగి చదివింది. "మెషీన్‌కు కొంచెం ఉంచాలంట. అంతా ఇస్తే ఆగిపోతుందంట. కొంచెం వెనక్కి లాగండి."

మెషీన్ నాది. పని ఆయనది. నాది మిగిలితే మిగులుతుంది, లేకపోతే లేదు. ఈ లెక్క నేను ఆ క్షణంలో వేసింది కాదు. నాకు తెలిసిన లెక్క అదొక్కటే. తెర మీద 'సరే' అన్న చోట నొక్కాను.

మొదట బాగానే నడిచింది. పనివాళ్లు నలుగురూ కుర్చీల్లో కూర్చుని మీటలు పట్టుకున్నారు. తెరల మీద సముద్రం నీలంగా కదిలింది. ఓడలోంచి పెట్టెలు లేచాయి. వాళ్లలో ఒకడు పెట్టెను లారీ మీద కాకుండా డ్రైవరు నెత్తిన దించబోయాడు.

"రేయ్, వాడికి పెళ్లాం బిడ్డలుండార్రా," అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. కాంట్రాక్టరు కూడా నవ్వాడు. కౌంటరు తెర మీద అందరి పేర్లూ, అందరి పెట్టెలూ వరుసగా కనిపిస్తున్నాయి. "బాగుందే," అన్నాడాయన. "నడుస్తుందన్నా ఇది. సోమవారం నుంచి పెట్టుకుందాం."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె కౌంటరు తెరను చూస్తోంది.

అప్పుడు అన్నీ ఆగాయి. ఒకదాని తర్వాత ఒకటి కాదు, గదిలోని తెరలన్నీ ఒక్కసారే. సముద్రం ఆగింది. పెట్టెలు గాలిలో ఎక్కడివక్కడ నిలిచాయి. కౌంటరు మెషీన్ ఫ్యాను మాత్రం రొద పెడుతోంది. మౌస్ కదిపితే బాణం గుర్తు కదల్లేదు.

"పోర్టులో హుక్కు ఇట్టా ఆగితే కింద ఉండేవోడు ఉండడన్నా," అన్నాడు కాంట్రాక్టరు. ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు.

ఆపి మళ్లీ వేశాం. కాసేపు నడిచి మళ్లీ అలాగే ఆగింది. ఈసారి ఆయన నవ్వలేదు. కౌంటరు దగ్గరకు వచ్చి వంగి చూశాడు.

"దీంట్లో మెమరీ ఎంతన్నా?"

చెప్పాను. అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"వరసలో దానికి?"

అదీ చెప్పాను.

"అందరిదానికీ అంత పెట్టి దీనికి ఇంతే పెట్టినారేంది?"

"ఇది మాది."

"మీది గాబట్టే గదన్నా ముందు దీనికి పెట్టాల. ఇది నిలబడితేనే గదా అవి నడిచేది."

గుమాస్తా ఆయనకు నచ్చచెప్పబోయాడు. "వాళ్లింట్లో అంతే సార్. నీళ్లు పంచేటప్పుడు కూడా వాళ్ల మడి చివరంట. ఒక ఏడు పైరంతా ఎండబెట్టుకున్నారంట."

"నాకు తెలీదా ఆ కత," అన్నాడు కాంట్రాక్టరు. "మా తాత చెప్పి చెప్పి పొయ్యినాడు. మీ తాత మడి ఎండితే చూసేదానికి ఊరంతా గట్టెక్కిందంట. చివరి మడిలో మావోళ్లు ఎర్రటి ఎండలో కోతకోస్తా ఉంటే చూసేదానికి ఒక్కడూ రాలేదంట. పెద్దాయన ఎండబెట్టుకునింది పేరు కోసంరా అనేవాడు మా తాత. మనకు నీళ్లొచ్చినాయి, ఆయనకు పేరొచ్చింది, సరికి సరి అనేవాడు."

ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువగా కోసింది. వాళ్లింట్లో నవ్వుతూ చెప్పుకునే మాట అది. మా ఇంట్లో దేవుడి గదిలో చెప్పుకున్నంత భక్తిగా చెప్పుకున్న సంగతి, చివరి మడి వాళ్లింట్లో ఇన్నేళ్లుగా ఒక లావాదేవీ. కృతజ్ఞత ఉంటుందని నేనెప్పుడూ అడగలేదు. ఉందనే అనుకున్నాను.

"సరే అయిందేదో అయింది," అన్నాడాయన. "ఆ కిటికీ కాడ దాంట్లోది పెరికి దీంట్లో పెట్టన్నా. చూసే పోతా. నాకు పని కావాల, నాకు ఈ చోటు నచ్చింది."

పని అక్కడ నా చేతిలో ఉంది. స్క్రూడ్రైవరు కౌంటరు మీదే ఉంది. నా భార్య దాన్ని తీసి నా వైపు చాచింది. గుమాస్తా లేచి తన కుర్చీ వెనక్కి జరిపి కిటికీ పక్క మెషీన్‌కు దారి ఇచ్చాడు. అందరూ నా కోసం ఆగారు.

నేను స్క్రూడ్రైవరు తీసుకుని మళ్లీ కౌంటరు మీద పెట్టాను.

"ఈ రోజుకు ఇంతే," అన్నాను. "మీరు వేరే చోటు చూసుకోండి."

కాంట్రాక్టరుకు కాసేపు అర్థం కాలేదు. "ఏందన్నా, నేనేం అన్నాను ఇప్పుడు?"

"ఏమీ అనలేదు."

"మా తాత మాటకా? ముసిలోళ్ల మాటలకు ఇప్పుడేంది?"

నేను వాకిలి దగ్గర నిలబడ్డాను. అంతకన్నా మర్యాదగా పొమ్మని చెప్పడం నాకు రాదు. ఆయన పెన్‌డ్రైవ్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మెట్లు దిగుతూ ఇంకోసారి దూలాల వైపు చూశాడు. "అమ్మాలనుకుంటే నాకు ముందు చెప్పండి," అన్నాడు. ఈసారి అన్నా అనలేదు.

పనివాళ్లు వెళ్లారు. గుమాస్తా కూడా వెళ్లాడు, వెళ్తూ నా మొహం చూడలేదు. కౌంటరు తెర మీద ఆ పసుపు అక్షరాలు మళ్లీ వచ్చి ఉన్నాయి. నా భార్య ఒక్కో మెషీన్ ఆపుకుంటూ వరుసంతా నడిచింది.

"ఆయన ఎవరో చనిపోయిన మనిషి అన్న మాట చెప్పినాడు," అంది వెనక్కి తిరగకుండానే. "దానికి మీరు కొట్టు ఇచ్చేసినారు."

"కొట్టు ఎవరికీ ఇవ్వలేదు."

"ఉగాదికి ఇస్తారు," అంది.

చాలామంది నాకు ఆ రోజు గురించి బుద్ధి చెప్పారు. చెల్లెలి భర్త ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. గుమాస్తా ఆదివారాలు మానేశాడు. ఆ పలక మార్చి ఉంటే సరిపోయేదని నాకూ తెలుసు. ప్రోగ్రాముకు కొంత, మెషీన్‌కు కొంత ఉంచి ఉంటే మొదటిసారే నిలబడేది, అది కూడా తెలుసు. మెమరీ గురించి వాళ్లు చెప్పిందంతా నిజం. అయినా ఆ స్క్రూడ్రైవరు మళ్లీ ఆ బల్ల మీద ఉంటే మళ్లీ అక్కడే పెడతాను. మా తాత పైరు ఎండబెట్టుకోవడాన్ని పేరు కోసం చేసిన పని అన్న మనిషి ముందు, ఇచ్చినదాన్ని పెరికి నా మెషీన్‌లో పెట్టుకుంటే, అతని తాత అన్నది నిజమని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. మా తాత కోసం కాదు, నాకు అంతకుమించి మిగిలింది ఏమీ లేదు కనుక ఒప్పుకోలేదు.

ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు. చివరి మడి రైతు చెయ్యి ఊపేవాడని మా నాయనమ్మ చెప్పేటప్పుడు నేనెప్పుడూ ఆ మనిషి మొహం ఊహించుకోలేదు. ఆయన ఏమనుకున్నాడో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. మెమరీ ఎంత పెట్టాలో తెలియకపోతే మెషీన్ అయినా పసుపు అక్షరాల్లో చెబుతుంది. మనుషులు చెప్పరు. వాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల పిల్లలకు చెప్పుకుంటారు.

చెల్లెలు ఉగాది దాకా ఆగింది. మాట ప్రకారం ఒక్క రోజు కూడా ముందు అడగలేదు. పండగ మర్నాడు వచ్చి కూర్చుంది. ఈసారి నిలబడలేదు.

"అన్నా, చెప్పు," అంది.

"నీ మాటే," అన్నాను.

ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు. కొనేవాళ్లు ముగ్గురు వచ్చారు, వాళ్లలో ఆ కాంట్రాక్టరు ఒకరు. మిగతా ఇద్దరూ గోడలు పడగొట్టి కట్టుకుంటామన్నారు. ఆయన మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచి తన మనుషులకు నేర్పించుకుంటానన్నాడు. చెల్లెలు ఆయనకే ఇద్దామంది. నేను అడ్డు చెప్పలేదు.

ఎండాకాలంలో ధాన్యం కొట్టును, స్థలమూ గోడలూ టేకు దూలాలూ అన్నీ కలిపి, ఒకే రిజిస్ట్రేషన్‌లో ఆ కాంట్రాక్టరుకు అమ్మేశాం.